తల నుంచి తలకు

సమ్మయ్య కత్తుల పెట్టె చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి బాలి మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. గుండు చెయ్యాల్సింది ఆమెకే. అయినా పొద్దున్నే లేచి వంట చేసింది, గేదెకు కుడితి పెట్టింది, గుండయ్యే లోపు ఇంకో బుట్టెడు కాయలు అయిపోతాయి కదా అనుకుంది. ఆడదాని బుద్ధి అంతే మరి. ఉరి తియ్యడానికి వచ్చినా, ఉండండి, పొయ్యి మీద పాలు దించి వస్తానంటుంది.

సంగతేమిటంటే, దసరా సెలవులకు వచ్చి వెళ్ళిన మనవరాలు భార్గవి తల నిండా పేలున్నాయని ఖమ్మం బడిలో టీచరమ్మ చీటీ రాసి పంపింది. వెంటనే ఆ పిల్ల తండ్రి కోటేష్ తన తల్లి బాలికి ఫోన్ చేశాడు. "అమ్మా, నువ్ గుండు చేయించుకో. గప్పుడే పిల్లను తోలిస్త" అన్నాడు. ఒళ్ళో ఆ పిల్ల తల లేకుండా సంక్రాంతి సెలవులెట్లా గడుస్తాయి? బాలి సరేనంది. పక్కనుంచి ఆమె మొగుడు భీమ్లా, "మా ఇంట్ల పేలు యాడున్నయ్ రా? పుట్టింటికెల్లి మీ అమ్మ తెచ్చినయే గద!" అని అరిచాడు.

ఆ మాటకు నలభై ఏళ్ళ వయసుంది. భద్రాచలం వైపు అడవి అంచు తండా నుంచి చండ్రుగొండ పక్కనున్న ఈ తండాకు కోడలై వచ్చిన మూడో రోజే అత్త ఆమె జడ విప్పి చూసి, "పేల తలను తెచ్చిన్రు" అంది. అప్పటినుంచి ఆమె పేల బాలి. అప్పటినుంచే ఆ ఇంట్లో ఎవరి తల దురద పెట్టినా ఆమె ఒళ్ళోకే వచ్చింది. చిన్నాడపడుచులవి, పిల్లలవి, భీమ్లాది, చివరికి మంచం పట్టిన అత్తది కూడా. ఇన్ని తలలు చూసిన బాలి తల మాత్రం, వాళ్ళమ్మ పోయాక ఒక్కరూ చూడలేదు.

చూసింది జహీరా ఒక్కతే. ఇల్లందులో గాజుల కొట్టాయన కూతురు, పురుగుల మీద పెద్ద చదువు చదువుతోంది. వానాకాలంలో వచ్చి, "అవ్వా, మీ పేలు కావాలె నాకు, చదువుకు" అంది. బాలి పొట్ట పట్టుకుని నవ్వింది. "తీస్కపో బిడ్డా, అదేమన్న బంగారమా!" ఆ పిల్ల వెనక కూర్చుని పాయ తీసి దువ్వుతుంటే మాత్రం నవ్వు ఆగిపోయింది. మెడ దానంతటదే వాలింది. కళ్ళల్లో నీళ్ళెందుకు తిరిగాయో ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ సమ్మయ్య కత్తి నూరుతుండగా ఆ జహీరా స్కూటీ వచ్చి ఆగింది.

"అవ్వా, ముప్పై ఊర్ల పేలు చూసిన. మీ తలల రెండు వంశాల పేలున్నయ్. ఒకటి మీ పుట్టింటి తండాల అందరికీ ఉన్నది. రెండోది ఆడ ఒక్కరికి గుడ లేదు. ఇల్లందుల మీ పెద్దాడబిడ్డ గోరి ఉన్నది గద, ఆమె తలల ఉన్నది."

"అంటే ఏంది?" అన్నాడు భీమ్లా.

సమ్మయ్య నవ్వాపుకోలేకపోయాడు. "అంటే ఏంది భీమ్లన్నా! మీ గోరక్క, వదిన రాకముందే పెండ్లయి పోయె గద. గామె తీస్కపోయినయ్ ఈ ఇంటియే. మీ పేలు మీకు ముందే ఉన్నయ్."

ఆ గెలుపు బాలికి అప్పుడు పట్టనే లేదు. "మరి మా అమ్మ దిక్కుది యాడిదాక ఉన్నది బిడ్డా?"

"అదా? నేపాల్ల దొరికింది, సముద్రం అవతల ఇథియోపియాల దొరికింది. నా తలల గుడ ఉన్నది అవ్వా, మా అమ్మకెల్లి వచ్చింది."

"గంత దూరం ఎట్ల పోయింది? ఎగురుతదా?"

"పేనుకు రెక్కల్లేవ్. దునకరాదు. తలకు తల తాకితేనే పోతది. కింద పడితే రెండు దినాలు బతకది."

బాలి చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. అంటే, పేరు తెలియని దేశం నుంచి తన దాకా ఆ తలల వరస ఒక్కచోట కూడా తెగలేదన్నమాట. ఏ తల్లో బిడ్డను పక్కలో వేసుకుంది, ఆ బిడ్డ పెరిగి తోడికోడలి పక్కన పడుకుంది, సంత దారిలో అలిసి ఒకామె భుజం మీద ఇంకొకామె వాలింది. ఎద్దుల మీద ఉప్పు మోసుకుంటూ దేశాలు నడిచిన తన అమ్మమ్మల అమ్మమ్మలు ఏ ఏటి ఒడ్డున ఏ ఊరి ఆడవాళ్ళకు తలలు అప్పగించి కూర్చున్నారో! వంశం పాడేవాడు వచ్చినప్పుడల్లా భీమ్లా తాతల పేర్లు ఏడు తరాలు పాడిపోతాడు, అందులో ఒక్క ఆడపేరుండదు. ఆ పేర్లు లేని వాళ్ళంతా ఒకరి తల ఒకరు చూసుకుంటూ, ఇదిగో, ఈ నెరిసిన కొప్పు దాకా నడిచొచ్చారు. ఇంతమందినా తను గొరిగించుకోబోయింది?

లేచి కారం చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. ఫోన్ చేసింది.

"కోటేష్, పిల్లను తోలియ్. మందు పెట్టి దువ్వి, దాని తల నేనే సాఫ్ చేస్త. గుండు గిండు లేదు."

"అమ్మా, నేను చెప్పిన గద..."

"నీ తల ఎవరు చూసిన్రురా చిన్నప్పుడు? మీ అయ్యనా?"

అటువైపు నుంచి, "ఐతారం తోలుకొస్త" అని వినపడింది.

"సమ్మయ్యా, ఉత్తగ పోకు, చాయ్ తాగి పో" అని, గూట్లోంచి పేలదువ్వెన తీసింది బాలి. కొప్పు విప్పింది. భీమ్లా ముందు, వీపు అతని వైపు పెట్టి కూర్చుంది. దువ్వెన భుజం మీదుగా వెనక్కి అందించింది.

"నీ ఇంటియి ఏవో, నా ఇంటియి ఏవో, నువ్వే ఏరు."

భీమ్లా సమ్మయ్య వైపు చూశాడు, జహీరా వైపు చూశాడు. బీడీ పారేశాడు. "నాకు రాదే" అన్నాడు.

బాలి అప్పటికే మెడ వాల్చి కళ్ళు మూసుకుంది.

"మెల్లగ" అంది. "పాయ తీసి."