నేను కుట్టిన పొడుగు చేతులు

కాకినాడలో ముప్పై నాలుగేళ్ళు లేడీస్ టైలరింగ్ షాపు నడిపినదాన్ని నేను. ఎవరి ఒంటికి ఏది నప్పుతుందో గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పేసేదాన్ని. అలాంటి నాకు ఇంట్లో గుడ్డముక్క కట్టుకోని చెల్లెల్ని ఇచ్చాడు దేవుడు. ఆ సంగతి నాకు అరవై ఎనిమిదో ఏట, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, దాని వంటింట్లో తెలిసింది.

నా చెల్లెలు చంద్రిక నాకంటే ఆరేళ్ళు చిన్నది. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏడేళ్ళ క్రితం ఈ దేశం వచ్చింది, ఇప్పటికీ ఏదో ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తోంది. నా కొడుకు శశికాంత్ ఇక్కడికి అరగంట దూరంలో ఇర్వింగ్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఇది నన్ను హోటల్లో కలిసి, భోజనం పెట్టించి పంపేసిందే తప్ప ఇంటికి రమ్మనలేదు. ఈసారి పట్టుబట్టాను. "నాకు తోడబుట్టినవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదే. నీ చేతి కాఫీ తాగకుండానే పోతానా?" అన్నాను ఫోన్లో.  చివరికి, "సరే, రా అక్కా. రెండు నెలలు ఉండు" అంది.

మొదటి పదిరోజులూ మెడదాకా ఉన్న నైటీ వేసుకుని తిరిగింది. తిరిగింది అనేకంటే గిజగిజలాడింది అనాలి. మెడ దగ్గర గుడ్డ లాక్కోవడం, జబ్బలు రుద్దుకోవడం, ఊరికే నామీద విసుక్కోవడం. నేను రావడం దీనికి ఇష్టం లేదు కాబోలు అని నేనూ లోపల్లోపల ఉడుక్కున్నాను.

పదకొండో రోజు, మంగళవారం పొద్దున్న, పక్కవీధిలో కూతురింటికి వచ్చిన గుంటూరావిడ సుబ్బులుగారితో వాకింగ్‌కి బయల్దేరాను. సగం దారిలోనే ఆవిడకి మోకాలు పట్టేసింది. ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపి, నేనూ వెనక్కి వచ్చి, చంద్రిక చెప్పిన నంబరు నొక్కి గరాజ్ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను.

వంటింట్లో నా చెల్లెలు బెండకాయలు తరుగుతోంది. ఒంటిమీద నూలుపోగు లేదు.

"ఛీ ఛీ ఛీ! సిగ్గుండక్కర్లేదటే? అరవై రెండేళ్ళొచ్చాయి నీకు!" అని అరిచాను.

అది ఉలిక్కిపడింది గానీ పరిగెత్తలేదు. కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. కుర్చీలో తువ్వాలు పరిచి దానిమీద కూర్చుంది.

"నువ్వూ కూర్చో అక్కా. పదకొండేళ్ళ నుంచి ఇంట్లో నేను ఇలాగే ఉంటున్నా. అందుకే నిన్ను పిలవలేదు. ఈ పదిరోజులు నీకోసం ట్రై చేశా. నావల్ల కావట్లేదు, ఇక చెయ్యను. నీ చీర నువ్వు కట్టుకో, కావాలంటే రెండు కట్టుకో, నేనేమీ అనను. కానీ నేను ఇంతే. ఉండలేనంటే చెప్పు, శనివారం శశి వచ్చి పికప్ చేసుకుంటాడు. నాకేం కోపం లేదు. మళ్ళీ రమ్మనే ఓపిక మాత్రం నాకు ఉండదు."

నేను వింటున్నానే గానీ కళ్ళు దాని ఒంటిమీదే ఉన్నాయి. ఆ మచ్చల్ని చూసి యాభై ఏళ్ళు కావొస్తోంది. పన్నెండో ఏట మోచేతుల మీద మొదలైంది దానికి బొల్లి. ఇప్పుడు మెడ కింద, నడుం చుట్టూ, తొడల మీద, పాలు ఒలికినట్టు ఎక్కడ చూసినా తెలుపే. నేను నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆవేశంలో శశికాంత్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. వాడు గాభరా పడ్డాడు. "ఒంటరిగా ఉండి ఉండి పిన్ని డిప్రెషన్‌లోకి వెళ్ళిందేమో అమ్మా. ఎవరైనా థెరపిస్ట్‌తో అపాయింట్‌మెంట్ బుక్ చేస్తా. నువ్వు బ్యాగ్ సర్దుకో, శనివారం పదింటికి వస్తా" అన్నాడు. సర్దేసుకున్నాను కూడా.

కానీ ఎంతసేపని గదిలో కూర్చుంటాను? ఆకలేస్తుంది, కాఫీ కావాలి. బయటికి రాక తప్పలేదు, చూడకా తప్పలేదు. బుధవారానికి ఒక సంగతి అర్థమైంది. ఆ ఇంట్లో ఉన్నంత పద్ధతి నా షాపులో ఏనాడూ లేదు. ఏ కుర్చీలో కూర్చున్నా దాని తువ్వాలు దాని కింద ఉండాలి. పోపు పెట్టేటప్పుడు ఏప్రన్ కట్టుకోవాలి. వీధివైపు కిటికీలకి ఎప్పుడూ తెరలే. బెల్లు మోగితే తొడుక్కోవడానికి తలుపు దగ్గర ఒక గౌను, ఆఫీసు మీటింగులో మొహం చూపించాల్సి వస్తే వేసుకోవడానికి కంప్యూటర్ పక్కన ఒక కుర్తా. ఎవరి కంట్లోనూ పడాలని లేదు దానికి.

దాని నడక గురించి చెప్పాలి మీకు. నా షాపుకొచ్చిన ఆడవాళ్ళు నేను టేపు తీయగానే ఒంటిని తిట్టుకోవడం మొదలుపెట్టేవారు. పొట్ట పెరిగిపోయిందండీ, జబ్బలు లావండీ, కాస్త కనపడకుండా కుట్టండి అని. లక్షణంగా ఉన్నవాళ్ళదీ అదే పాట. ఇదేమో పొట్ట జారిపోయి, జబ్బలు వేలాడుతూ, ఒళ్ళంతా మచ్చలతో, కూనిరాగం తీసుకుంటూ నా ముందునుంచి కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళిపోతుంది. పొట్ట లోపలికి పీల్చుకోదు, చేతులు అడ్డం పెట్టుకోదు. డిప్రెషన్ అట! నిజం చెప్పొద్దూ, నాకు ఈర్ష్య పుట్టింది.

సాయంత్రం సుబ్బులుగార్ని చూడ్డానికి వెళ్ళి, పేరెత్తకుండా మాట కదిపాను. "ఇక్కడ ఇళ్ళల్లో బట్టల్లేకుండా ఉండేవాళ్ళు కూడా ఉంటారా అండీ?"

"ఎందుకుండరూ! వాళ్ళకి క్లబ్బులు కూడా ఉంటాయట, మా అల్లుడు నవ్వుతూ చెప్పాడు. నేనైతే ఏమీ అనను రాజేశ్వరిగారూ. ఈ మోకాళ్ళతో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మేడమెట్లు ఎక్కుతుంటే, వాళ్ళే సుఖపడుతున్నారనిపిస్తుంది" అందావిడ. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

గురువారం భోజనాల దగ్గర అడిగేశాను. "అసలిది ఎలా పట్టుకుందే నీకు?"

"డాక్టర్ వల్ల" అంది. "బిగుతు బట్టలు ఒరుసుకున్న చోట కొంతమందికి మచ్చలు ఇంకా పెరుగుతాయి, లూజ్‌గా ఉన్నవి వేసుకో అన్నాడు. వేసుకున్నా. ఒకరోజు స్నానం చేస్తుంటే ఆఫీసు ఫోన్ వచ్చింది. అలాగే వచ్చి గంటసేపు మాట్లాడా. పెట్టేశాక చూసుకుంటే ఒంటిమీద ఏమీ లేదు. ఇల్లు కూలిపోలేదు. ఎండ వచ్చి పొట్టమీద పడుతోంది. నా ఒంటిని నేను పట్టపగలు చూసుకోవడం అదే మొదలు అక్కా. తర్వాత డాక్టర్‌ని మర్చిపోయా. ఇప్పుడు నాకు హాయిగా ఉంటుంది, అంతే."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఒరుసుకున్న చోట అంటోంది. దాని పద్నాలుగో ఏట నాకు పెళ్ళిచూపులు పెట్టుకున్నారు. చెల్లెలికి బొల్లి అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని, మణికట్టుదాకా పొడుగు చేతులు, గొంతుదాకా మెడ పెట్టి దానికి జాకెట్టు కుట్టాను. చేతులు జారి మచ్చలు బయటపడకుండా బాగా బిగించి కుట్టాను. పెళ్ళయ్యాకా మానలేదు. అది అమెరికా విమానం ఎక్కేదాకా, మండువేసవిలో కూడా, దానికవే జాకెట్లు. దాని సబ్బు వేరు, తువ్వాలు వేరు. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళం కాదు. అంటుకుంటుందని ఎవడో చెబితే నమ్మేశాం.

"అవి కుట్టింది నేను కదే" అన్నాను.

"తెలుసు. కొత్తది కుట్టినప్పుడల్లా ఇంకా బిగించేదానివి. ఇక ఆ మాట వద్దు అక్కా, అన్నం తిను" అంది. దాని గొంతులో కోపం లేదు. కాస్త ఉంటే బాగుండేది, నేను తేలికపడేదాన్ని.

శుక్రవారం రాత్రి సర్దిన బ్యాగ్ విప్పేశాను.

శనివారం పదింటికి శశికాంత్ కారు ఆగేసరికి నేను వాకిట్లో ఉన్నాను. లోపలికి వెళ్ళబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగరా. ఈ ఇంటికి రావాలంటే ముందు ఫోన్ చెయ్యాలి, వచ్చాక బెల్లు కొట్టాలి. తలుపు తీసేదాకా బయటే నిలబడాలి."

"అదేంటమ్మా! నీ బ్యాగ్ ఏది? థెరపిస్ట్ మంగళవారం స్లాట్ ఇచ్చింది, కన్ఫర్మ్ చెయ్యనా?"

"క్యాన్సిల్ చెయ్యి. మీ పిన్నికి ఏ రోగమూ లేదు. ఉన్న రోగమల్లా నాది. నేను ఇక్కడే ఉంటున్నా."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "కొంపదీసి నువ్వు కూడా..."

"నోర్ముయ్! నా చీర నా ఒంటిమీదే ఉంటుంది. మీ పిన్నిని మాత్రం ఒక్క మాట అన్నావంటే చెంప పగులుతుంది. తన ఒంటితో తను సంతోషంగా బతుకుతున్న మనిషిని నేను నా జన్మలో దీన్నొక్కదాన్నే చూశాను" అన్నాను. నా కొడుకు మొహం చూసి నాకే జాలేసింది. పొద్దున్న చేసిన బెండకాయ వేపుడు డబ్బాలో పెట్టిచ్చి పంపేశాను.

లోపలికి వచ్చేసరికి చంద్రిక స్నానం చేసి, తువ్వాలు పరిచిన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒక పొడుగాటి కర్రకి చివర లోషన్ పూసి వీపుకి రాసుకోవాలని అవస్థ పడుతోంది. వాకిట్లో నేను అరిచిన అరుపులన్నీ దానికి వినపడే ఉంటాయి. "ఉంటావన్నమాట" అంది. మొహం మాత్రం నావైపు తిప్పలేదు.

"ఉండక ఎక్కడికి పోతానే? ఆ కర్ర అవతల పారెయ్. ఇలా తే, నేను రాస్తా" అని లోషన్ చేతిలో వేసుకుని రాయడం మొదలుపెట్టాను. ఏవేవో కబుర్లు చెబుతున్నాను.  కాసేపటికి, "అక్కా" అంది మెల్లగా. "తెల్లచోట్లు వదిలేస్తున్నావు."

చూసుకున్నాను. నిజమే. నా చెయ్యి మచ్చ అంచుదాకా వెళ్ళడం, పక్కకి తప్పుకోవడం, మళ్ళీ మామూలు చర్మం మీదికి రావడం. కొడుకు ముందు అంత డాబుగా మాట్లాడి వచ్చానా! నా చేతికి ఇంకా భయం పోలేదు. నాకే తెలియలేదు, దానికి తెలిసింది. వీపుతోనే కనిపెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు అరచేతులూ తెరిచి, భుజాల మధ్య ఉన్న పెద్ద మచ్చ మీద గట్టిగా ఆనించాను. వెచ్చగా ఉంది. చేతులు తీయలేదు. చంద్రిక తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"కదలకుండా కూర్చోవే," అన్నాను చివరికి. "మళ్ళీ మొదటినుంచీ రాస్తాను."