సర్వర్‌లో దేవుడి గది

మా కాలనీ వెబ్‌సైటును నేనే చూసుకుంటానంటే నమ్మనివాళ్ళలో మొదటివారు మా ఆయన చంద్రశేఖర్. "అదెక్కడో ఉంటుంది కదా, నువ్వు నాచారంలో కూర్చుని ఎలా చూస్తావు?" అన్నారు. ఎక్కడుందో నాకూ తెలియదు. దాన్ని చూపించే కిటికీ మాత్రం మా హాల్లో, ఫ్రిజ్ పక్కనున్న కంప్యూటర్‌లో ఉంది.

ఆ కిటికీకి రెండు భాగాలు. ఎడమవైపు మా కంప్యూటర్‌లోని ఫైళ్ళు కనిపిస్తాయి. కుడివైపు సర్వర్‌లోవి, అంటే వెబ్‌సైటు కాపురముండే దూరపు కంప్యూటర్‌లోవి. ఎడమవైపు ఫైలును మౌస్‌తో పట్టుకుని కుడివైపుకి లాగి వదిలితే చాలు, అక్కడికి చేరుతుంది. పిట్టగోడ మీంచి పక్కింటికి కూరగిన్నె అందించినట్టే. కాకపోతే ఈ గిన్నె అవతలికి చేరాక కూడా ఇవతల నిండుగానే ఉంటుంది. తిరిగివ్వలేదన్న బాధ లేదు. ఇంత మంచి ఇరుగుపొరుగు మా వీధిలో మరొకటి లేదు.

సైటులో ఉండేవి గొప్ప విషయాలేం కావు. నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఎవరింట్లో పోర్షన్ ఖాళీ అయింది, వినాయకచవితి ఫోటోలు. నేను రోజూ పొద్దున్నే నీళ్ళ వేళ మార్చి పెడతాను. కాలనీవాళ్ళు రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి నీళ్ళ వేళ అడుగుతారు. అయినా ఆ పనంటే నాకు ఇష్టం. అంట్లు తోమితే సాయంత్రానికి సింకు మళ్ళీ నిండుతుంది. పంపిన ఫైలు పంపినచోటే ఉంటుంది. డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక చిల్కానగర్‌లో కంప్యూటర్ కోర్సు కూడా చేసిన నాకు, చేసింది చేసినట్టు నిలిచే పని అదొక్కటే దొరికింది.

ఆ ఒక్కదానికీ ఎసరు పెట్టినవాడు కామరాజు. ఉప్పల్‌లో శానిటరీ సామాన్ల కొట్టు, కాలనీ సంఘంలో కోశాధికారి పదవి. "ఇళ్ళల్లో ఆడవాళ్ళు తీరిక దొరికినప్పుడు చేసే పని కాదిది. మల్కాజిగిరిలో మా బావమరిది కంపెనీ ఉంది, వాళ్ళకప్పగిద్దాం" అన్నాడు. ఆదివారం సభలో తెర మీద సైటును వేసి చూపించాలనీ, చూశాక అందరూ కలిసి తేల్చాలనీ నిర్ణయమైంది.

ఆదివారం పొద్దున్న ఇడ్లీ కుక్కర్ దించుతుంటే ఫోన్ మోగింది. ఎదురింటి బుచ్చిరాములు. నాచారం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, సంఘానికి కార్యదర్శి.

"వదినె, మన సైటు ఏడవాయె? తెరిస్తే దొరకలేదని ఇంగ్లీషుల రాసున్నది."

"సరిగ్గా చూశారా అన్నయ్యా?"

"నేనే కాదు, కామరాజు గూడ సూసిండు. మస్తు ఖుషీ మీదున్నడు. జర జల్ది సూడు, ఇంకో గంటల సభ!"

స్టవ్ కట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎడమవైపు నా ఫైళ్ళు ఎప్పటిలాగే బుద్ధిగా ఉన్నాయి. కుడివైపు ఫైళ్ళూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కానీ ప్రతిదాని పేరుకీ ముందు ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ' చేరింది. సర్వర్ మొదట వెతికేది ఇండెక్స్ అనే పేరున్న ఫైలు కోసం. అది శ్రీఇండెక్స్ అయి కూర్చుంటే గుర్తుపట్టేంత భక్తి దానికి లేదు.

ఎవరి పనో అడగక్కర్లేదు. మా సంఘం అధ్యక్షులు త్రిమూర్తులుగారు పాలపాకెట్ల లెక్క మీద కూడా శ్రీ చుట్టనిదే కలం కదపరు. ఇంటికి రెండు తాళంచెవులున్నట్టే సైటుకీ ఉండాలని, పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నారు. ఈ కిటికీని వాళ్ళ కంప్యూటర్‌లో కూడా నాచేతే పెట్టించుకున్నారు. "దేన్నీ లాగకండి బాబాయిగారూ, దేన్నీ తీసెయ్యకండి" అని చెప్పి వచ్చాను. పేర్లు మార్చకండి అని చెప్పాలని నాకు తోచలేదు.

రెండిళ్ళ అవతలే వాళ్ళిల్లు. వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ పంచెలో, సభకి తయారై ఉన్నారు.

"రా అమ్మా అరుణా! నిన్న ఏకాదశి కదా, నీ పని పూర్తి చేసేశాను."

"నా పనేంటండీ?"

"ఒక్క ఫైలుకీ శ్రీకారం లేదమ్మా! శుభమా అని సభలో పెడుతూ, కామరాజు అలా మాటలంటుంటే... నీకు మంచి జరగాలి కదా. అన్నిటికీ పెట్టాను. వేళ్ళు నొప్పెట్టాయనుకో. లాగలేదు, తీసెయ్యలేదు. ఒట్టు."

నేను సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. నన్ను ఎవరూ ఏమీ అనకూడదని రోజంతా కూర్చుని చేసిన పని, నన్ను అనడానికే అక్కరకొచ్చింది.

"ఫర్వాలేదండీ. ఆ శ్రీలు తీసేస్తే సరిపోతుంది."

ఆయన మొహంలో రంగు మారింది. "రాసిన శ్రీని చెరపడమా? సభకి ముందా? వద్దమ్మా, నీకే అరిష్టం. కావాలంటే కామరాజు బావమరిదికే ఇచ్చేద్దాం."

సర్వర్‌కి శ్రీ వద్దు. ఆయనకి శ్రీ పోకూడదు. ఇద్దరూ పెద్దవాళ్ళే, నా మాట వినేరకం కాదు. ఇలాంటి సంసారాలు చెయ్యడం నాకు అలవాటే.

"చెరపనండీ, మీమీద ఒట్టు" అని చెప్పి ఇంటికి పరుగెత్తాను.

కుడివైపు ఒక కొత్త ఫోల్డర్ తెరిచి దానికి శ్రీ అని పేరు పెట్టాను. త్రిమూర్తులుగారి ఫైళ్ళన్నిటినీ ఒక్కసారే పట్టుకుని అందులోకి లాగి వదిలాను. తర్వాత ఎడమవైపు నుంచి మామూలు పేర్లున్న నా ఫైళ్ళన్నీ కుడివైపుకి అందించాను. గిన్నె తర్వాత గిన్నె గోడ దాటింది. ఫోన్ చేశాను.

"బాబాయిగారూ, మీ కిటికీ తెరవండి. కుడివైపు శ్రీ అని ఫోల్డర్ ఉందా? అది దేవుడి గది. మీరు పెట్టిన శ్రీలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. మిగతావి ఇంట్లో తిరిగే ఫైళ్ళు."

మౌస్ నొక్కుతున్న చప్పుడు వినపడింది. తర్వాత, "ఫోటోల ఫోల్డర్ కింద ఉందేమిటమ్మా? దేవుడి గది ఈశాన్యంలో కదా ఉండాలి?"

"పైన పేరు అని రాసి ఉంది చూడండి. దానిమీద ఒక్కసారి నొక్కండి."

నొక్కినట్టున్నారు. అలా నొక్కితే వరస తిరగబడి శ్రీ పైకి వస్తుంది.

"కుడివైపు, పైన. మ్యాపులో అయితే ఈశాన్యమే కదండీ?"

"ఆహా!" అన్నారాయన.

సభలో బుచ్చిరాములు ప్రొజెక్టర్ వెలిగించాడు. తెరగా కట్టిన దుప్పటి మీద సైటు నిండుగా వచ్చింది. అందరూ నీళ్ళ వేళ చదివి, ఇదిక్కడ ఉంటుందా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కామరాజు లేచాడు. "ఇప్పుడుంది సరే. పొద్దున్న ఏమైంది? నా కళ్ళతో చూశాను, లేదు!"

"పొద్దున్న పూజ జరుగుతోందండీ. తలుపులు వేశాం" అన్నాను.

బుచ్చిరాములు పగలబడి నవ్వాడు. త్రిమూర్తులుగారు మాత్రం నవ్వలేదు. నేను కళ్ళతో వద్దంటున్నా లేచి నిలబడ్డారు. "తప్పు నాది. ఆవిడకి చెప్పకుండా పేర్లు మార్చాను. పాడుచేసింది నేను, గంటలోపల బాగుచేసింది ఆవిడ. కామరాజూ, మీ బావమరిది ఆదివారం పొద్దున్న ఫోనెత్తుతాడా?"

కామరాజు కాస్త ఆలోచించాడు. అబద్ధమాడే మనిషి కాదు పాపం. "నా ఫోనే ఎత్తడు" అన్నాడు.

"మరింకేంది సార్! వదినెకాడనే ఉండనీయుండ్రి" అని బుచ్చిరాములు చప్పట్లు మొదలుపెట్టాడు. మా ఆయన అందరికంటే గట్టిగా కొట్టారు. నాచారంలో కూర్చుని ఎలా చూస్తావని అడిగింది ఎవరో మరి.

బయటికి వస్తుంటే త్రిమూర్తులుగారు నా పక్కకి వచ్చారు. "నా తాళంచెవి తీసేసుకో అమ్మా. నా చెయ్యి ఊరుకోదు."

తీసుకున్నాను. బదులుగా ఇంకోటి ఇచ్చాను. దానితో లోపలికి వస్తే నేరుగా శ్రీ ఫోల్డర్‌లోనే తేలతారు. అక్కడ ఏం చేసుకున్నా బయట కాలనీకి ఏమీ కాదు. ఇది వివరిస్తే చిన్నబుచ్చుకుంటారేమోనని, "దేవుడి గది తాళం ఇంటి పెద్ద దగ్గరుండాలి కదండీ" అని మాత్రం అన్నాను. ఆయన ఎంత సంబరపడ్డారంటే, ఇలాంటి తాళం ఒకటి మా అత్తగారికి కూడా ఇవ్వగలిగితే బాగుండుననిపించింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆయన వచ్చి వెళ్తున్నారు. ఫైళ్ళు సర్దుకుంటారు, పేర్లు మార్చుకుంటారు, ఎవరికీ నష్టం లేదు. ఆమధ్య నేను నీళ్ళ వేళ మార్చడానికి కిటికీ తెరిస్తే శ్రీ ఫోల్డర్‌లో కొత్త ఫైలు కనిపించింది. నాకే ఏదో ఆశీర్వాదం రాసి ఉంటారని తెరిచి చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో పైన శ్రీ. దానికింద తెలుగు మాట: "అమ్మా అరుణా, ఈవేళ నీళ్ళెప్పుడు వదులుతారు?"