చివరి భాగం ముందే చెప్పొద్దు

చోమ్‌సున్ నోట్లో నువ్వుగింజ నానదని కొరియాలోని కున్సాన్ బజారంతటికీ తెలుసు. శని, ఆదివారాల్లో వచ్చే 'ఉప్పుగాలి ఇల్లు' సీరియల్ షూటింగు వాళ్ళకి ఆమె చెల్లెలి కూతురే భోజనాల బండి నడుపుతుంది. దాంతో ఆ వారం ఎవరు ఎవరి చెంప వాయించబోతున్నారో శుక్రవారానికే చోమ్‌సున్ కొట్టుకి చేరిపోయేది. వండిన కూరలమ్మే కొట్టు అది. స్నేహితురాళ్ళు అక్కడ సోయా మొలకల తోకలు తుంచుతూ, కథలో చిన్నప్పుడు స్టేషన్‌లో తప్పిపోయిన పిల్ల గొప్పింటి కోడలేనని కొందరు, కాదని కొందరు, సొంత ఆస్తి తగాదాలా వాదించుకునేవారు.

వాళ్ళందరిలో పెద్దది పిల్‌రే. తప్పిపోయిన పిల్ల చేపలమ్మే అమ్మాయేనని మొదటివారం నుంచీ ఆమె పట్టు. ఊహించడం ఎంత ఇష్టమో ముందే వినడం అంత కంపరం ఆమెకి. చోమ్‌సున్ నోరు తెరిస్తే చాలు, వెల్లుల్లి వాసన వేసే చేతులతో చెవులు మూసుకుని, "నీ నోట్లో ముల్లంగి కుక్కెయ్య. ఆదివారం దాకా నన్ను బతకనివ్వవే" అనేది.

ఆకులు రాలే రోజుల్లో పిల్‌రే ఆసుపత్రిలో చేరింది. కొడుకు గ్యుచోల్ ఆడవాళ్ళని వరండాలోకి పిలిచి, ఇంక మందుల్లేవన్నాడు. అమ్మకి కడుపులో పుండనే చెప్పామని, దయచేసి ఎవరూ నోరు జారొద్దని అందరికీ చెప్పాడు గాని, చూసింది మాత్రం చోమ్‌సున్ వంకే.

ఆమె నోరు జారలేదు. ఖరీదైన సముద్రపు నత్తగుల్లలు కొని జావ కాచి తీసుకెళ్ళేది. ఒకటి జారితే రెండోదీ జారుతుందన్న భయంతో సీరియల్ సంగతులు కూడా దిగమింగేది. పిల్‌రే తన ఊహలు చెబుతుంటే, "ఏమో అక్కా, నాకేం తెలుసు" అని కిటికీలోంచి బయటికి చూసేది.

ఒక మధ్యాహ్నం పిల్‌రే చెంచా కింద పెట్టింది.

"చోమ్‌సునా, చివరికి ఏమవుతుందే?"

"ముందే చెబితే నీకు గిట్టదుగా."

"ఇంకా నెలన్నర సాగుతుందట. చెప్పు."

చోమ్‌సున్ జావ గిన్నె మీద మూత సర్దసాగింది.

"నా దగ్గరా మీ నాటకాలు? ఎన్ని సీరియళ్ళు చూశాను నేను. రోజూ పోట్లాడే మనిషి జావ పట్టుకొచ్చిందంటే మంచం మీది మనిషి పని అయినట్టే. అయినా ఎక్కడో ఆశ ఉండేది. నువ్వు సీరియల్ కూడా దాచావు చూడు, అప్పుడు ఖాయం చేసుకున్నా."

చివర ఏమవుతుందో ఎవరికీ తెలీదు. రచయిత్రి ఏ వారానికా వారం రాస్తోంది, నటులకే తెలీదని చెల్లెలి కూతురు చెప్పింది. చెప్పడానికి ఏమీ లేకపోవడం చోమ్‌సున్‌కి జన్మలో అదే మొదటిసారి.

అయినా చెప్పింది. చేపలమ్మే అమ్మాయి, పిల్లని పోగొట్టుకున్న ఆ తల్లి నడిపే పూటకూళ్ళ కొట్టుకే అన్నానికి వస్తుందట. వేడి పులుసు ఊదుకుని తాగే తీరు చూసి తల్లి గుర్తుపడుతుందట. ఏమీ అడగదట, ఇంకో గరిటె వడ్డించి ఎదురుగా కూర్చుంటుందట.

"చెంపదెబ్బలు లేవా?"

"లేవు."

"ఆ రచయిత్రికి బుర్ర లేదు" అని పిల్‌రే దుప్పటి అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "చేపల పిల్లేనని నేను మొదటే అన్నానుగా." దుప్పటి సర్దుకుంటూ, "గ్యుచోల్‌కి మాత్రం చెప్పకు. వాడింకా మధ్యలోనే ఉన్నాడు" అంది.

మంచు పడకముందే పిల్‌రే వెళ్ళిపోయింది. అంత్యక్రియల హాల్లో వచ్చినవాళ్ళకి పెట్టే వేడి పులుసు గ్యుచోల్ తనే తెచ్చి చోమ్‌సున్ ముందు పెట్టి, వంగి దణ్ణం పెట్టాడు.

"పిన్నీ, మా అమ్మ ఏమీ తెలియకుండానే వెళ్ళింది. మాకదే ఊరట. మీరు మాట నిలబెట్టుకున్నారు."

పులుసులో ముల్లంగి ఉడకలేదు. పిల్‌రే ఉంటే వంటవాణ్ణి పిలిపించేది.

"అవును నాయనా" అంది చోమ్‌సున్. "తనకేం తెలీదు."

సీరియల్ అయిపోయిన మర్నాడు కొట్టులో ఒకటే గోల. ఇంతకాలం చూసింది ఇందుకా అని ఆడవాళ్ళు రచయిత్రిని తిట్టిపోస్తున్నారు. రాత్రి టీవీ పెట్టలేదని చోమ్‌సున్ అంటే ఎవరూ నమ్మలేదు. ఒకావిడ మొలకలు పక్కకి నెట్టి, "అయ్యో, ఆ చేపల పిల్ల చివరికి..." అని మొదలుపెట్టింది.

చోమ్‌సున్ తడిచేతులతోనే రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.