ఇరవై అయిదు గ్రాముల ఆల్చిప్పలు

ఆవిరి మీద పుట్టు ఉడికించే గొట్టంలో గుప్పెడు కొబ్బరి, దాని మీద రెండు గుప్పిళ్ళ తడిపిన బియ్యప్పిండి, మళ్ళీ కొబ్బరి. మూడు గొట్టాలు దిగేసరికి కొబ్బరి అయిపోయింది. గిన్నెలో పిండి ఇంకా ఉంది. వనజాక్షి ఆ పిండి మీద మూత పెట్టి, కిటికీ వైపు చెవి పెట్టింది. కిటికీ అవతల రేకుల షెడ్డులో మాష్ ట్యూషన్ నడుస్తోంది.

కేరళలోని చేటువ ఊరంతా ఆయన్ని దామోదరన్ మాష్ అంటారు, మాష్ అంటే మాస్టారు. భార్య వనజాక్షి కూడా మాష్ అనే అంటుంది. ఆమెను మాత్రం పిల్లలు చేచ్చి అంటారు, అంటే అక్క. టీ కప్పులు తెచ్చే అక్క. కెమిస్ట్రీలో యూనివర్సిటీ మొదటి ర్యాంకు తెచ్చుకున్న మనిషని వాళ్ళకెవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పుట్టు కుండ చూపించి, "ఆవిరి ఎన్ని లీటర్లో తేల్చేదాకా మాకు టిఫిన్ పెట్టవా ఏమిటే?" అని ఇంటిల్లిపాదినీ నవ్వించారు. వనజాక్షి కూడా నవ్వింది. నిజానికి ఆ ఆవిరి ఎంతో అప్పటికే మనసులో లెక్క వేసేసింది కూడా.

పదకొండేళ్ళుగా ట్యూషన్ లెక్కలన్నీ ఆమె తయారు చేసినవే. ఎంత అందంగా చేస్తుందని! గ్రాములివ్వండి, లీటర్లివ్వండి, ముందు మోలుగా, అంటే అణువుల లెక్కలోకి, మార్చాల్సిందే. చెప్పులు గడప బయట విప్పి లోపలికొచ్చినట్టు గ్రాములు బయట వదిలెయ్యాలి. లోపల మోలుతో మోలే మాట్లాడాలి. మాటలయ్యాక బయటికెళ్ళేటప్పుడు ఏ చెప్పులైనా తొడుక్కోవచ్చు. ఈ మాట మాష్ క్లాసులో చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. వంటింట్లో కొబ్బరి కోరుతూ ఆమె ఆ చప్పట్లు వింది.

అయితే నిన్న మాష్ స్నేహితులు వచ్చారు. మూడుసార్లు టీ, రెండుసార్లు పళంపొరి అరటిపండు బజ్జీలు. లెక్కలు టైపు చేసింది గానీ మధ్య మెట్లు చేర్చలేకపోయింది, జవాబులు మాత్రం కాగితం అడుగున పెట్టింది. వాళ్ళు వెళ్ళాక నెమ్మదిగా చెప్పింది, హైస్కూల్లో గెస్ట్ టీచరు ఇంటర్వ్యూ రేపు పదకొండింటికని. మాష్ పేపరు దించకుండానే, "నీకెందుకే ఈ అవస్థ? నువ్వెళ్తే ఇక్కడ లెక్కలెవరు రాస్తారు?" అన్నాడు. ఆమె సర్టిఫికెట్లు మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. పెట్టె మూసేటప్పుడు ఏడుపొచ్చింది.

కిటికీలోంచి మాష్ గొంతు వినిపించింది. "ఇరవై అయిదు గ్రాముల ఆల్చిప్పల పొడి, అంటే కాల్షియం కార్బొనేట్. పాయింట్ రెండు అయిదు మోల్. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పధ్నాలుగు పాయింట్ ఆరు గ్రాములు, పాయింట్ నాలుగు మోల్. ఏది తక్కువ? ఆల్చిప్పలే. కాబట్టి ముందు అయిపోయేవి అవే. గ్యాసు అయిదు పాయింట్ ఆరు ఏడు అయిదు లీటర్లు."

వనజాక్షి చేతిలో గరిటె ఆగిపోయింది.

రఫీదా లేచింది. ప్రతిదానికీ లేచే పిల్ల. "మాష్, కింద నాలుగు పాయింట్ అయిదు నాలుగు అని ఉందిగా?"

"అదా? మా ఆవిడ టైపు చేసిందిలే. వంట ధ్యాసలో అంకెలు తారుమారు చేసుంటుంది. కొట్టేసి నాది రాసుకోండి."

పిల్లలు కిలకిలా నవ్వారు. కొట్టేస్తున్న పెన్నుల చప్పుడు వనజాక్షికి వినబడింది.

టీ కప్పులు పట్టుకోకుండా ఆమె ఆ షెడ్డులోకి వెళ్ళడం అదే మొదటిసారి. చేతికంటిన పిండి కూడా కడుక్కోలేదు.

"కొట్టెయ్యకండర్రా. పుట్టుకి కొబ్బరి గుప్పెడైతే పిండెంత?"

"రెండు గుప్పిళ్ళు," అన్నారు అందరూ.

"ఇక్కడా అంతే. ఆల్చిప్ప ఒక మోలుకి ఆమ్లం రెండు మోళ్ళు కావాలి. పాయింట్ రెండు అయిదుకి ఎంత కావాలి?"

"పాయింట్ అయిదు!" రఫీదా అరిచింది. "ఉన్నది పాయింట్ నాలుగేగా! అయ్యో, ముందు అయిపోయేది ఆమ్లమా?"

"అదే. అంకె చిన్నదని ముందు అయిపోదు. దేనికెంత కావాలో చూడాలి. ఆమ్లంలో సగం గ్యాసు, పాయింట్ రెండు మోల్. మోలుకి ఇరవై రెండు పాయింట్ ఏడు లీటర్లు. వెయ్యండి."

"నాలుగు పాయింట్ అయిదు నాలుగు. అదే, అదే వచ్చింది! టీచర్, ఇంకోసారి చెప్పరా?"

టీచర్. చేచ్చి అనలేదు. వనజాక్షి ఇంకోసారి చెప్పింది, ఇంకా నెమ్మదిగా, ఇంకా ఇష్టంగా. పిల్లలు తలలు వంచి రాసుకుంటుంటే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళూ కిటికీ ఇవతల తను దాచుకున్న సంతోషం ఇదేనని తెలిసింది.

మాష్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "సరేలే, నువ్వు లోపలికెళ్ళు. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

బోర్డు మీద లెక్క రెండో సగం ఇంకా అలాగే ఉంది: చివరికి ఏది, ఎంత మిగులుతుంది? వనజాక్షి సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది. అరచేతి పిండి కొంగుకి తుడుచుకుంది.

"మిగిలిందెంతో మీరే తేల్చండి మాష్. నాకు పదకొండింటికి ఇంటర్వ్యూ ఉంది."