దొరతమ్మకొచ్చిన నాపరాయి

మాచర్లకు నాలుగు మైళ్ళ అవతల ఉన్న క్వారీలో పని పొద్దున ఆరింటికి మొదలవుతుంది. మగవాళ్ళు గునపాలేసి రాతిపొరను కదిలిస్తారు. ఆడవాళ్ళు ఉలీ సుత్తీ పట్టుకుని ఆ పొరను రెండుగా విడదీస్తారు. విడిన రాయి పలకలాగా నున్నగా, బూడిదరంగులో ఉంటుంది. పల్నాట్లో సగం ఇళ్ళకు నేలలూ అరుగులూ ఆ నాపరాళ్ళే. తొమ్మిదింటికి అందరూ సద్దిమూటలు విప్పుకుంటారు. మళ్ళీ ఎండ నెత్తికెక్కేదాకా సుత్తుల మోతే.

ఏడాదికి మూడు నాలుగుసార్లు విడిన రాయి మీద రాత కనబడుతుంది. ఎవరో ఎవరికో రాయాలనుకుని, రాయలేక లోపలే దాచుకున్న ఉత్తరం అది. ఆ మనిషి దస్తూరీలోనే, తెల్లటి గీతలతో ఉంటుంది. రాయి తీసినవాళ్ళు దాని మీద గోనెపట్టా కప్పి పోస్టుమాస్టరు మస్తాన్‌రావుకు కబురంపుతారు. ఆయన సైకిలు మీద వచ్చి, పైనున్న పేరు మటుకు చదివి, మూలన తేదీ ముద్ర కొట్టి, ఫలానా ఇంటికి చేర్చమంటాడు. స్టాంపులేని ఉత్తరాలు గనక రెట్టింపు వసూలు చెయ్యాలా అని ఒకసారి పైఆఫీసుకు రాశాడు. జవాబు రాలేదు. అప్పట్నుంచీ ఊరికే ఇస్తున్నాడు. రాఘవమ్మకు ఈపూరు నుంచి తమ్ముడు రాయని ఉత్తరం వస్తే, ఆమె దాన్ని విని, రెండురోజులు అన్నం మానేసి, ఆ తర్వాత దొడ్లో బట్టలుతికే బండగా వేయించుకుంది, రాత కిందివైపుకు ఉండేట్టు.

క్వారీని ఆనుకుని ఉన్న ఊరికి ఎనభై నాలుగు జనవరిలో డోరతీ అనే అమ్మాయి కెనడా నుంచి వచ్చింది. ఇరవై ఒకటి నిండి ఇరవై రెండు నడుస్తోంది. రెండేళ్ళ మిషన్ సేవ. చర్చి వెనక గదిలో ఉండేది. పొద్దున పూట రాతిదుమ్ముకు ఎర్రబడ్డ కళ్ళకు మందు వేసేది, సాయంత్రం పిల్లలకు పాటలు నేర్పేది, ఆదివారం బైబిలు కథలు చెప్పేది. డోరతీ అనడానికి నోరు తిరక్క, ఎటూ దొరల పిల్లేగదా అని, ఊరు ఆమెను దొరతమ్మ చేసింది. ఆమెకు తెలుగు నేర్పింది క్వారీ ఆడవాళ్ళు. అందుకని పాస్టరు మరియదాసుతో కూడా, "ఏందయ్యా, ఇయ్యాల ప్రార్థన చానాసేపు చేశావు," అనేది. ఆయన మొదట్లో బిత్తరపోయాడు, తర్వాత అలవాటుపడ్డాడు.

చదువురాని వాళ్ళకు వచ్చిన ఉత్తరాలు, కాగితం మీదవైనా రాతి మీదవైనా, ఆమే చదివిపెట్టేది. చదివిన సంగతి మళ్ళీ ఎత్తేది కాదు. ఊరికి ఆమె మీద గురి కుదిరింది అందువల్లే.

ఆమెకు మటుకు ఉత్తరాలు వచ్చేవి కావు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తొమ్మిదో ఏట తల్లి పోయింది. పెంచింది హెలెన్, తనకంటే పదిహేడేళ్ళు పెద్దదైన అక్క. బడిపిల్లలకు వండిపెట్టే వంటగదిలో పనిచేసి, పెళ్ళి మాట ఎత్తకుండా, చెల్లెలికి చదువు చెప్పించింది. ఇండియా వెళ్తానన్నప్పుడు హెలెన్ ఔననలేదు, కాదనలేదు. కారులో విమానాశ్రయం దాకా తీసుకెళ్ళింది గానీ కారు దిగలేదు. రెండేళ్ళలో ఆమె నుంచి వచ్చింది ఒకే ఒక క్రిస్మస్ కార్డు. అందులో అచ్చేసిన శుభాకాంక్షల కింద 'హెలెన్' అన్న సంతకం, అంతే. డోరతీ ప్రతి ఆదివారం రాస్తూనే ఉండేది. అక్కకు తన మీద కోపం తగ్గలేదని, ఇక ఆ ఇల్లు తనది కాదని మెల్లగా నమ్మకం కుదిరింది. ఇంకో ఐదేళ్ళు ఇక్కడే ఉంటానని ఒప్పుకునే కాగితం మిషన్ వాళ్ళు పంపితే బల్ల మీద పెట్టుకుంది. జనవరి ఒకటి లోపల సంతకం పెట్టి పంపాలి.

ఎనభై ఐదు డిసెంబరు ఇరవై మూడు, సోమవారం పొద్దున, పున్నమ్మ ఉలిదెబ్బకు ఒక పొర పెళ్ళుమని విడిపోయింది. పున్నమ్మకు యాభై ఏళ్ళుంటాయి. దొరతమ్మకు తెలుగు నేర్పినవాళ్ళలో మొదటిది. తనకు ఏ అక్షరమూ రాకపోయినా, రాతి మీద ఉన్నది ఇంగ్లీషని గుర్తుపట్టింది, దొరతమ్మ పుస్తకాల్లో చూసింది గనక. గోనెపట్టా కప్పింది. మస్తాన్‌రావు వచ్చి పేరు చదివి ముద్ర కొట్టాడు. పల్చటి రాయి కావడంతో పున్నమ్మే చుట్టకుదురు పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చింది.

చర్చి వెనక గదిలో దొరతమ్మ పండగకు రంగుకాగితాలు కత్తిరిస్తోంది. గోడకు ఆనించిన రాయి మీంచి పట్టా తీయగానే హెలెన్ వాలు అక్షరాలు పోల్చుకుని, "మా అక్క రాతే!" అంది, మొహం వెలిగిపోతుండగా. నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. పున్నమ్మ చుట్టకుదురు చేతబట్టుకుని వాకిట్లో నిలబడింది.

చదవడం అయిపోయింది. దొరతమ్మ మళ్ళీ మొదటికి వెళ్ళింది. మూడోసారి చదువుతున్నప్పుడు కత్తెర చేతిలోంచి జారి రాతి మీద టంగుమంది. అది కూడా ఆమెకు తెలియలేదు.

"ఏం రాసిందమ్మా మీ అక్క?" అంది పున్నమ్మ.

ఎవరు అలా అడిగినా చదివి చెప్పడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ, ఇంకెవరికో వచ్చిన ఉత్తరం చదువుతున్నట్టు, పైకి తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

"డోరా, నేను నీ అక్కను కాదు. నిన్ను కన్నదాన్ని. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మా అమ్మ నిన్ను తన బిడ్డేనని అందరికీ చెప్పింది. నేను ఒప్పుకున్నాను. ఆమె పోయినరోజున నీకు చెబుదామనుకున్నాను. నువ్వు ఏడుస్తున్నావు, ఆ పూటకు వద్దనుకున్నాను. తర్వాత ఏ పూటా చెప్పలేకపోయాను. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఉన్నాయి. జవాబు రాద్దామని కూర్చుంటే ఈ మాటే ముందు వస్తుంది, అందుకని రాయలేదు. రొమ్ములో గడ్డ తేలింది. ఇరవై ఏడున ఆపరేషన్ అన్నారు. రానని చెప్పేశాను. నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారని. అక్కడ వేళకు తిను."

అంతా ఒక్క తీరున, తడబడకుండా చదివేసింది. పున్నమ్మ లోపలికొచ్చి కుండలోంచి నీళ్ళు ముంచి ఆమె చేతికిచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

ఆ రోజంతా దొరతమ్మ నడుస్తోంది, పనులు చేస్తోంది, మనిషి మటుకు అక్కడ లేదు. కళ్ళకు మందు వేయించుకోవడానికి వచ్చిన సుబ్బులమ్మకు ఒకే కంట్లో రెండుసార్లు వేసింది. సాయంత్రం పిల్లలు పాట ఎత్తుకుంటే, నేర్పినది తనే అయినా, ఇంకేదో పాట అందుకుంది. పిల్లలు పాడుతూనే ఆమె వంక చూశారు.

ఒకటే జ్ఞాపకం వచ్చి తగులుతోంది. చిన్నప్పుడు, తల్లి పోయిన ఏడాది, హెలెన్‌ను అడిగింది. నేను పుట్టినప్పుడు అమ్మ ఎలా ఉంది, నువ్వు చూశావా అని. హెలెన్ గిన్నెలు కడుగుతోంది. చూశాను, చానా భయపడింది, అయినా నిన్నే చూస్తూ పడుకుంది, అని చెప్పింది. చెప్పి, అదే గిన్నెను మళ్ళీ కడిగింది. పద్నాలుగేళ్ళుగా దొరతమ్మ రోజూ పడుకోబోయేముందు పరలోకంలో ఉన్న తల్లి కోసం మోకరించింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ తల్లి పక్కగదిలో ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ ఆ ప్రార్థన వింటూ ఉందన్నమాట.

మర్నాడు పొద్దున క్వారీకి వెళ్ళింది. పున్నమ్మ పక్కన రాతి మీద కూర్చుంది. కోపం వచ్చింది గానీ దాన్ని ఏ భాషలో అనాలో ఆమెకు తెలియలేదు.

"ఇరవై మూడేళ్ళు నాకు అబద్ధం చెప్పింది పిన్నీ," అంది చివరికి.

పున్నమ్మ ఉలి ఆపలేదు. "నీకు జొరమొస్తే పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు?"

"హెలెన్."

"బడికి ఎవరు పంపారు?"

"హెలెన్."

"పెంచిందీ ఆమే, కన్నదీ ఆమే. ఒక్క మనిషేగా. ఇందులో నీకు పోయిందేంది?"

పోయినావిడను అమ్మనుకుని రోజూ ప్రార్థన చేశానని, అదంతా ఏమైపోవాలని అడిగింది దొరతమ్మ.

"చేస్తే చేశావులే. ఆమె మీ అమ్మమ్మేగా. ఆమెకే చెందుద్ది," అంది పున్నమ్మ. తర్వాత ఉలి పక్కన పెట్టి ఆమె వంక తిరిగింది. "అది సరే గానీ, ఇరవయ్యేడన్నావు. ఇయ్యాల మంగళవారం. శుక్రవారం ఆపరేషనుకు ఆమె పోనన్నదంటివి. దానికేం జేస్తున్నావు?"

ఆ మాటలు దొరతమ్మ స్వయానా చదివింది, పైకి చెప్పింది. అయినా ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టుంది. మొదటి రెండు వాక్యాల దగ్గరే ఆమె ఆగిపోయింది, కిందిదేదీ లోపలికి వెళ్ళలేదు.

లేచి పాస్టరు దగ్గరికి పరుగెత్తింది. పండగ రేపనగా, డెబ్బైమంది పిల్లల పాటలూ నాటకమూ తన చేతిలో ఉంచుకుని, కెనడాకు ఫోను చెయ్యడానికి పోవాలంటే, పిల్లల్ని ఎవరు ఆడిస్తారని అడిగాడాయన. ఆమె ఆయన్ను గదిలోకి తీసుకెళ్ళి రాయి చూపించింది. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. కానీ చదవలేదు. మూలనున్న ముద్ర చూసి, రాయిని గోడవైపుకు తిప్పిపెట్టి, పిల్లల సంగతి మా ఇంట్లో ఆమె చూసుకుంటుంది, నువ్వు బయల్దేరు అన్నాడు.

మాచర్లలో విదేశాలకు ఫోను కుదరదన్నారు. నాపరాళ్ళ లోడుతో పోతున్న మక్బూల్ లారీలో ఎక్కి, గురజాల, పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. టెలిఫోన్ ఆఫీసులో రబియా అనే ఆపరేటరు ఉంది. కెనడా కాల్ అనేసరికి చెవులకున్న హెడ్‌ఫోను తీసి మరీ విన్నది. గుంటూరు దొరకాలి, ఆపైన మద్రాసు, ఆపైన బొంబాయి, పండగ కాబట్టి లైన్లన్నీ నిండి ఉంటాయి, ఎప్పుడు తగులుతుందో చెప్పలేనంది. ఎంతసేపైనా కూర్చుంటానంది దొరతమ్మ.

ఆ రోజు లైను దొరకలేదు. క్రిస్మస్ రోజు పొద్దుట్నుంచీ సందేళ దాకా అదే బల్ల మీద కూర్చుంది. వీధిలో చర్చికి పోయేవాళ్ళు కొత్తబట్టలతో కనబడుతున్నారు. ఆమె ఒంటి మీద లారీ దుమ్ముతో ఉన్న చీరే. రెండుసార్లు బొంబాయి దాకా వెళ్ళి లైను తెగిపోయింది. తన వాళ్ళ సుస్తీ సంగతి మాత్రమే రబియాకు చెప్పింది. రబియా తన డ్యూటీ అయిపోయాక కూడా తర్వాత వచ్చినామెకు అప్పజెప్పి మరీ వెళ్ళింది. పొద్దున్నే ఇంటి దగ్గర్నుంచి రొట్టెలు కట్టించుకొచ్చి సగం ఆమెకు పెట్టింది.

గురువారం ఎనిమిదిన్నరకు లైను కలిసింది. అక్కడ ఇంకా బుధవారమే, పండగనాటి రాత్రి.

"డోరా? ఏమైంది? ఒంట్లో బాగుందా?" హెలెన్ గొంతు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టుంది.

"బాగున్నాను. నీ ఉత్తరం అందింది."

"నేను ఏ ఉత్తరమూ రాయలేదు."

"తెలుసు. అయినా అందింది."

లైను తెగిపోయిందేమోనని రబియా తీగ సరిచూసింది.

"ఎంతవరకు అందింది?" అంది హెలెన్.

"అంతా."

హెలెన్ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, వదలడం వినిపించలేదు. దొరతమ్మకు ఒక మాట అనాలని ఉంది. ఇంగ్లీషులో ఆ మాట పద్నాలుగేళ్ళ కిందట పాతిపెట్టిన మనిషిది. అది నోటికి రాలేదు. రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, క్వారీలో రోజూ వినే మాటే అంది.

"అమ్మా."

"ఏమన్నావు?"

"ఇక్కడ పిల్లలు కన్నతల్లిని అట్లా పిలుస్తారు."

మూడు నిమిషాలు నిండాయి. మధ్యలోకి వచ్చి టైమయిందని చెప్పడం రబియా పని. ఆమె మీట మీద వేలు పెట్టి, తీసేసింది.

"ఇంకోసారి అను," అంది హెలెన్.

దొరతమ్మ ఇంకోసారి అంది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు గానీ మాట్లాడింది తక్కువ. రేపు పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పమంది దొరతమ్మ. నా వంతు వేరేవాళ్ళకు ఇచ్చేసి ఉంటారేమో అంది హెలెన్. అడుగు, లేదంటే ఆ మర్నాడు అడుగు, వస్తానని చెప్పు, నేను ఎదురుచూస్తుంటానంది దొరతమ్మ. సరే, సంచీ సర్దుకోవాలి, అంది హెలెన్.

శుక్రవారం ఆపరేషన్ కుదరలేదు గానీ సోమవారం చేశారు. గడ్డ తీసేశారు. ఇంకో ఆరునెలలు ఆలస్యమైతే చెయ్యడానికేమీ ఉండేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. మిషన్ వాళ్ళ కాగితం సంతకం లేకుండానే తిరిగి వెళ్ళింది. ఫిబ్రవరి మొదటివారంలో దొరతమ్మను ఊరంతా మాచర్ల దాకా వచ్చి బస్సెక్కించింది.

విన్నిపెగ్‌లో విమానం దిగేసరికి బయట మంచు పడుతోంది. లోపల హాల్లో లావు కోట్లు వేసుకున్న జనం గుంపుగా నిలబడి ఉన్నారు. వెనక నుంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉన్నారు. దొరతమ్మ పెట్టె కింద పెట్టి, అమ్మా అని గట్టిగా పిలిచింది.

అంతమందిలో ఒక్క మనిషే వెనక్కి తిరిగింది.