ఉంచాల్సిన చెట్టు

మా ఆయన చేతిలో రంపం ఉంటేనే మనిషి. లేకపోతే నా ప్రాణం తోడేస్తాడు.

ఆయన పనిచేసే కలప మిల్లు మూతపడ్డాక ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. పొద్దున్నే లేచి అటక మీంచి మోటారు రంపాన్ని దించి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ అక్కడే పెట్టేసేవాడు. తర్వాత వంటింటి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయ ఎటువైపు నుంచి కొయ్యాలో నాకు చెప్పేవాడు. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయ్యాక నాకు ఉల్లిపాయ కొయ్యడం నేర్పుతాడట! మొదట్లో కసిరేదాన్ని. రానురాను ఆ నేర్పడం కూడా మానేసి ఊరికే కూర్చోవడం మొదలెట్టాడు. అప్పుడిక కసరడానికి నాకు నోరు రాలేదు.

అలాంటి రోజుల్లో, పనులు పోయినవాళ్ళకి పని చూపించడానికి ప్రభుత్వం అడవుల బాగు కోసం నిధులిచ్చిందని విన్నాం. నేను నమ్మలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? కానీ నిజంగానే వచ్చాయి. మిల్లు కోసం నరికి నరికి బోడి చేసిన కొండవాలులో పిచ్చిచెట్లు తీసెయ్యాలి, మంచి మొక్కలు పెంచాలి, నాటాలి. మిల్లువాళ్ళందరికీ పిలుపొచ్చింది. నన్ను నర్సరీలో సంచులకి మట్టి నింపే పనిలో పెట్టారు. మొదటిరోజు సాయంత్రం మా ఆయన జుట్టు నిండా రంపపు పొట్టుతో ఇంటికొచ్చి, "ఏమే, ఆకలేస్తోంది," అన్నాడు. ఎన్నాళ్ళకి విన్నానో ఆ మాట! ఆ డబ్బు ఇమ్మని చెప్పిన మహానుభావులెవరో నాకు తెలీదు. ఎవరైతేనేం, వాళ్ళ కడుపు చల్లగుండాలని అన్నం వడ్డిస్తూనే అనుకున్నాను.

మా పైన అజమాయిషీ ఒక రేంజరమ్మది. వయసులో చిన్నది. మా ఆయన్ని బాబాయ్ అని, నన్ను పిన్నీ అని పిలిచేది. వాలు మీద ఉంచాల్సిన చెట్లకి ఎర్రరంగు గీత వేయించి, ఓ పొద్దున అందరినీ నిలబెట్టి చెప్పింది.

"ఎర్రగీత ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. చుట్టూ ఉన్న పిచ్చిచెట్లు కొట్టేసి దానికి ఎండ తగలనివ్వాలి."

మా ఆయన విన్నాడా? వినే ఉంటాడు, ఓ చెవితో. అప్పుడు ఆకురాయితో రంపం పళ్ళు పదును పెట్టుకుంటున్నాడు. ఆ పనిలో ఉంటే ఇల్లు కాలిపోతోందన్నా "ఊఁ" అంటాడు. పైగా మిల్లు రోజుల్లో ఎర్రగీతకి ఒకటే అర్థం: ఈ చెట్టు పడాలి. వయసొచ్చినప్పట్నుంచీ ఆ గీత చూసే రంపం పెట్టాడు.

మధ్యాహ్నం పైనుంచి పెద్ద చప్పుడైంది. నా చేతిలో సంచి జారిపోయింది. అందరం పరుగెత్తాం. వాలు మొత్తంలో తన జాతిలో మిగిలిన ఒక్కగానొక్క ముసలిచెట్టు అడ్డంగా పడి ఉంది. దాని గింజల మీదే రేంజరమ్మ ఆశంతా. పక్కనే మా ఆయన చెమట తుడుచుకుంటూ, ఎంత నున్నగా కోశానో చూడండి అన్నట్టు నిలబడ్డాడు. మా మొహాలు చూశాక ఎర్రగీత వంక చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. రంపం కింద పెట్టేసి, కోసిన మోడు మీదే కూలబడ్డాడు.

చెవులు ఎక్కడ పెట్టుకున్నావయ్యా అని అరుద్దామని నోరు తెరిచాను. ఆయన్ని చూసి ఆగిపోయాను. ఈ పని పోతే ఇంకో పని లేదు. మళ్ళీ ఆ అటక, ఆ గుమ్మం. ఈసారి ఆ గుమ్మంలో కూర్చుంటే మనిషి మళ్ళీ లేస్తాడన్న నమ్మకం నాకు లేదు.

రేంజరమ్మ వచ్చింది. చెట్టుని చూసి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పైపోయిందమ్మా," అన్నాడు మా ఆయన. "నన్ను పంపించెయ్యండి. వీళ్ళ పని మాత్రం ఆపకండి."

ఆమె పడిపోయిన కొమ్మల్లోకి దూరింది. ఓ కాయ తెంపి, పగలగొట్టి, గింజ కొరికి చూసింది.

"ముదిరాయి బాబాయ్. అంత ఎత్తు ఎవరూ ఎక్కలేక, రాలేదాకా ఆగుదామనుకున్నాం. ఇప్పుడు ఎండకి పగిలి చెదిరిపోయేలోపు ఏరాలి. మిమ్మల్ని పంపించేస్తే ఎవరు ఏరతారు?"

"మరి పైవాళ్ళకి ఏం చెప్తారమ్మా?" అన్నాను నేను.

"జరిగిందే చెప్తాను పిన్నీ, నా తప్పుతో సహా. మిల్లు మనుషులకి రంపమిచ్చి, ఉంచాల్సిన చెట్టుకి ఎర్రగీత వేయించింది నేనేగా. రేపట్నుంచి ఎరుపంటే మీకు తెలిసిన ఎరుపే. ఉంచాల్సినదానికి తెలుపు."

పైవాళ్ళు ఆమెకి గట్టిగానే చీవాట్లు పెట్టారని తర్వాత తెలిసింది. ఆమె మాత్రం మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. పనీ ఆగలేదు. ఆ తల్లికి ఎలా దణ్ణం పెట్టాలో ఇప్పటికీ నాకు తెలీదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమంటారు. మేం ఆకులన్నీ ఎత్తి ఎత్తి గింజలు ఏరి, నర్సరీ సంచుల్లో వేశాం. ఆ సంచులకి నీళ్ళు నేనే పోస్తానని దెబ్బలాడి మరీ తీసుకున్నాను. మా ఆయన రోజూ ముందు నర్సరీకొచ్చి వాటికేసి చూస్తూ నిలబడేవాడు. "నువ్వు చూస్తే మొలుస్తాయా? పో, పని చూసుకో," అని తరిమేదాన్ని. ఓ పొద్దున, "ఏమే! ఇటు రా!" అని కేకేశాడు. ఓ సంచిలో మట్టి పగిలి మొలక తలెత్తింది. ఇద్దరం అక్కడే చతికిలబడి ఏడ్చాం. చెప్పుకోడానికి సిగ్గెందుకు?

వానలు పడ్డాక ఆ మొక్కల్ని మోడు చుట్టూ, వాలు పొడుగునా నాటాం. అంతా అయ్యాక మా ఆయన తెల్లరంగు డబ్బా అడిగి తెచ్చుకున్నాడు. ప్రతి మొక్క పక్కనా ఓ పుల్ల గుచ్చి, దానికి తెల్లగీత వెయ్యడం మొదలెట్టాడు.

రేంజరమ్మ నవ్వింది. "మోకాలెత్తు కూడా లేదు. దీన్నెవరు నరుకుతారు బాబాయ్?"

"పెరుగుతుంది కదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "అప్పటికి నాలాంటివాడు ఇంకొకడు రంపం పట్టుకొస్తాడు."

ఆమె నవ్వు ఆపి, తనూ పుల్లలు ఏరడానికి వంగింది.

నేనే ఊరుకోలేక, "అప్పటిదాకా ఆ పుల్ల ఉంటుందేమిటయ్యా? ఈ వానలకే కుళ్ళిపోతుంది," అన్నాను.

"ఇంకోటి గుచ్చుతానే," అన్నాడు. "నన్ను ఉంచారుగా."

 డబ్బా పట్టుకుని ఆయన వెనకే నడిచాను.