దొర రూల్సు, సేటు మ్యూజియం

తాండూరు ఇనుప కార్ఖానాకు నూట ముప్పై ఏళ్లు నిండాయట. నిండగానే విజయ్‌కుమార్ సేటుకు ఎక్కడలేని చరిత్ర ప్రేమ పుట్టుకొచ్చింది. పాత గోదాముకు సున్నం కొట్టించి మ్యూజియం అని బోర్డు పెట్టించాడు. కార్ఖానా కట్టిన ఇంగ్లీషు దొర రాసిన రూల్సు కాగితాన్ని తెలుగులోకి మార్పించి మరీ అద్దాల పెట్టెలో పెట్టించాడు. ఇక దాని పక్కన నిలబడడానికి ఆ కాలపు కూలీ మనిషి ఒకతి కావాలి. బొమ్మ చేయించే ఓపిక ఎవరికుంది? మల్లీశ్వరిని పిలిపించాడు.

మల్లీశ్వరి ఇరవై ఏళ్లుగా అక్కడ పోత అచ్చులకు ఇసుక మోస్తోంది. అంతకు ముందు సోమవారం ఆమె ఊరు పెద్దేముల్‌లో షేర్ ఆటో నిండేసరికి మూడు నిమిషాలు ఆలస్యమైంది. గేటు మూసేశారు. ఆ నెలలో అది మూడోసారి, అంటే పని పోయినట్టే. ఆ పని తప్ప ఆమె ఇంటికి మరో ఆధారం లేదు.

"ఒక్క పూట నోరు మూసుకొని నిలబడు. నీ పని నీకుంటది" అన్నాడు సేటు.

"బట్టలేం కట్టుకోవాలె సేటూ?"

సేటు ఆమె మాసిన చీర చూశాడు. "ఇవే చాలు" అన్నాడు. నూట ముప్పై ఏళ్లలో కూలీ మనిషికి ఏమైనా మారితే ఒట్టు!

మ్యూజియం తెరిచే రోజు పదింటికి రావలసిన ముఖ్య అతిథి మేడం వికారాబాద్ నుంచి తీరిగ్గా పన్నెండింటికి దిగింది. అప్పటిదాకా మల్లీశ్వరిని నెత్తిమీది ఇసుక తట్ట దించనివ్వలేదు. మేడం మెడలో దండ పడింది. అద్దాల పెట్టె ముందు నిలబడి రూల్సు పైకి చదివింది. ఆలస్యమైతే గేటు మూయాలి, మూడోసారికి పని నుంచి తీసేయాలి, పని వేళ నీళ్లకు పోరాదు.

"అయ్యో, ఆ దొరలు మనుషులేనా అండీ!" అని కళ్లు ఒత్తుకుంది.

"అదే కదా మేడం. ఇప్పుడు మా దగ్గర అందరం ఒకే కుటుంబం" అన్నాడు సేటు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

మల్లీశ్వరికి ఒళ్లు మండిపోయింది. నోరు విప్పితే పని పోతుందని తెలుసు. అయినా ఆగలేకపోయింది.

"అమ్మా, మీరు రెండు గంటలు లేటొస్తె దండేసిన్రు. నేను మొన్న మూడు నిమిషాలు లేటొస్తె గేటేసిన్రు. గా కాయితం పాతది గాదు. గియ్యాల గూడ గదే నడుస్తున్నది."

సేటు ముఖం పాలిపోయింది. కానీ ఊరికే సేటు అయ్యాడా! గబుక్కున చప్పట్లు కొట్టాడు.

"చూశారా మేడం, మా ఆర్టిస్టు ఎంత సహజంగా చేస్తోందో!"

మేడం కూడా కొట్టింది. వెనకున్నవాళ్లంతా కొట్టారు. ఎవడో వన్స్‌మోర్ అని కూడా అరిచాడు.

మల్లీశ్వరి నెత్తిమీది తట్టను అట్లాగే వంచి, ఇసుకంతా మేడం కాళ్ల దగ్గర, ఎర్ర తివాచీ మీద కుమ్మరించింది.

"గిది గూడ నాటకమేనా సేటూ?"